ఎనిమిది గంటల నీటిమట్టం

2008 జూలై 7, సోమవారం. తెనాలి.

కంప్యూటరు నెమ్మది కాదు!

ఇదీ ఈరోజు మొదటి ఆశ్చర్యం. పక్క కుర్చీలో కుమారి అక్క టిఫిన్ డబ్బా మూత తీసేలోపల నివేదిక మొత్తం తయారై తెర మీద నిలబడింది. ఈ కాలవల బోర్డులో పెద్ద ఇంజనీరు దగ్గర్నుంచి గేటు కాసే మనిషి దాకా అందరూ "సిస్టమ్ స్లో, సిస్టమ్ స్లో" అని తిడుతున్నది ఈ పాపమెరుగని యంత్రాన్నేనా?

బాపట్లలో మా కాలేజీవాళ్ళు నాకిచ్చిన మినీ ప్రాజెక్టు కాగితం మీద ఇంగ్లీషులో చాలా పొడవైన పేరుంది. తెలుగులో చెప్పుకుంటే ఇంతే. రోజూ పొద్దున ఎనిమిదింటికి ఏ కాలవలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో తెనాలి ఆఫీసుకి తెలియాలి. మట్టం ఎక్కడ తక్కువుంటే పై లాకుల దగ్గర ఆ కాలవ తలుపులు ఎక్కువ ఎత్తాలి. కానీ లెక్క తేలేసరికి సాయంత్రం ఐదవుతోంది. అప్పటికి లాకుల మీద మనుషులు ఇళ్ళకి వెళ్ళిపోతారు. మర్నాడు వాళ్ళు తలుపులు ఎత్తేది నిన్నటి కాలవకి.

డీఈ పూర్ణచంద్రరావు గారు కుర్చీ చూపించి, "చూడమ్మా దేవికా, కొత్త కంప్యూటర్లు కావాలని రాయి. నువ్వు రాస్తే కాలేజీ రాసినట్టుంటుంది. నేను రాస్తే నేను రాసినట్టే ఉంటుంది" అన్నారు.

తల ఊపాను. కానీ అది నెమ్మది కాదు. మరి సాయంత్రం దాకా ఏం చేస్తున్నట్టు? ఎదురుచూస్తోంది. ఎవరి కోసం?

ఈరోజు నేర్చుకున్న మాటలు. గేజీ: కాలవలో నిలబెట్టిన రాయి, దాని మీద అడుగులూ అంగుళాలూ చెక్కి ఉంటాయి. లస్కరు: గేజీ చూసి కాలవ కాసే మనిషి. శివారు: కాలవ చిట్టచివర ఉన్న పొలాలు. ఈ మూడో మాటని ఇంటికొచ్చే దారంతా నోట్లో పెట్టుకుని తిప్పాను.

జూలై 8, మంగళవారం

కుమారి అక్క పక్కన కూర్చుని పొద్దుట్నుంచీ ఫోన్లు విన్నాను. అక్క ఇక్కడ కాంట్రాక్టు మీద కంప్యూటరు ఆపరేటరు. మొదటి ఫోను బాపట్ల సెక్షన్ ఏఈ బసవేశ్వరరావు గారిది. ఆయన గొంతు రిసీవర్‌లోంచి గదంతా వినిపిస్తుంది.

"ఏమ్మా కుమారీ, టిఫినైందా? ఏం టిఫిను?"

"ఉప్మా అండి. రీడింగ్ చెప్పండి సార్, రాసుకుంటా."

"చెప్తా చెప్తా, ఎక్కడికి పోద్ది. రేపల్లె వాళ్ళు ఎంత చెప్పారు?"

"ఇంకా చెప్పలేదండి."

"చెప్పలేదా! మా లస్కరు కూడా ఇంకా గేజీ దగ్గరికి పోలేదమ్మా. మళ్ళీ చేస్తాలే."

కాసేపటికి రేపల్లె. అక్కడ మాట్లాడేది మత్తయి అనే లస్కరు. వాళ్ళ ఏఈ పక్కనుండి అందిస్తుంటారు, అదీ వినపడుతుంది.

"అమ్మా, బాపట్ల ఎంతండి?"

"వాళ్ళింకా చెప్పలేదు మత్తయ్యా."

వెనకనుంచి: "చెప్పలేదా? అయితే పెట్టెయ్."

ఇలా మధ్యాహ్నం భోజనాలు దాటిపోయాయి. చివరికి సాయంత్రమవుతుంటే ఎవరో ఒకరు ఓపిక చచ్చి ఒక అంకె చెప్పారు. రెండోవాళ్ళు దానికంటే రెండంగుళాలు తక్కువ చెప్పారు. అది ఎలా తెలిసిందో మొదటివాళ్ళు మళ్ళీ ఫోను చేశారు. "అది పొద్దుటి లెక్కమ్మా. ఇప్పుడింకా దిగింది, కొట్టేసి రాసుకో."

తక్కువ చెప్పినవాళ్ళకి నీళ్ళెక్కువ. కాబట్టి ముందు నోరు విప్పినవాడు ఓడిపోయినట్టే. ఒకరి కోసం ఒకరు, ఇద్దరి కోసం కంప్యూటరు.

"నీకిదంతా తెలుసుగా అక్కా, ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను.

కుమారి అక్క నా వంక జాలిగా చూసింది. "సిస్టమ్ స్లో అంటే ఎవరికీ కోపం రాదు. సార్లు స్లో అన్నాననుకో, నా కాంట్రాక్టు ఫాస్టుగా పోద్ది."

జూలై 9, బుధవారం

రోజంతా ఒకటే ఆలోచన. ఇద్దరి చేతా ఒకేసారి మాట్లాడించడం ఎలా? "కంచంలోకి చూసి తినవే" అంది అమ్మ.

జూలై 10, గురువారం

ఈరోజు ఆఫీసుకి అడవులదీవి నుంచి రావమ్మ అని ఒకావిడ వచ్చింది. బస్సులూ ఆటోలూ మారి వచ్చిందట. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పూర్ణచంద్రరావు గారు మీటింగ్‌లో ఉన్నారు. నేనే బెంచీ చూపించాను.

"నువ్వు కొత్తగా వచ్చిన ఇంజనీరువా అమ్మాయ్?"

"కాదండి, చదువుకుంటున్నా. ఇక్కడ నీళ్ళ లెక్క త్వరగా వచ్చేట్టు చెయ్యడానికి వచ్చా."

"లెక్కలు త్వరగా వస్తే నీళ్ళు త్వరగా వస్తయ్యా?"

"వస్తాయండి." ఆలోచించకుండా అనేశాను.

రెండెకరాలు కౌలుకి చేస్తోంది. మొదట పోసిన నారు ఎండిపోయింది. ఇప్పుడు మడిలో ఉన్నది రెండో నారు. "ఇది కూడా పోయిందంటే మళ్ళా పోసుకోటానికి విత్తనం లేదు తల్లీ. ఉన్నా అదను దాటిపోద్ది. ఈ ఏడు ఇంతే అనుకోటమే" అంది. ఏడవలేదు. మడి ఎంత పచ్చగా ఉందో చెప్పింది. "చిలక రెక్కంత పచ్చగా ఉంది, నువ్వొకసారి వచ్చి చూడు."

చిలక రెక్కంత పచ్చ. ఇంటికి రాగానే రాసుకున్నాను. మనుషులు ఇలాంటివి ఎలా మాట్లాడేస్తారో.

పని ఇవాళే మొదలుపెట్టాను. ఇంకేదీ చదవబుద్ధి కావడం లేదు.

జూలై 12, శనివారం

దొరికింది!

ఎవరి అంకె వాళ్ళు మెసేజ్‌లో పంపాలి. నా పాత ఫోనుని వైరుతో కంప్యూటరుకి తగిలించాను. మెసేజ్ వచ్చి మూతపెట్టిన డబ్బాలో పడుతుంది. అన్నీ వచ్చేదాకా ఎవరిదెంతో కుమారి అక్కకి కూడా కనిపించదు. ఎనిమిదింటికి మూత తెరుచుకుంటుంది, నివేదిక వస్తుంది. అక్కని ఎవరు ఎన్నిసార్లు టిఫిన్ గురించి అడిగినా చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు.

పూర్ణచంద్రరావు గారు అంతా విని గడ్డం గోక్కున్నారు. "బాగుందమ్మా. మరి ఎనిమిదింటికి ఎవడన్నా పంపకపోతే? గడి ఖాళీగా ఉంటుందా?"

"ఉంటుందండి."

"ఖాళీ గడి ఉండకూడదు. గుంటూరు పెద్దాఫీసుకి వెళ్ళే కాగితం మీద ఖాళీ ఉండకూడదు."

సాయంత్రమంతా దాని మీదే కూర్చున్నాను. పంపకపోతే నిన్నటి అంకెనే ఈరోజుకీ వేసేస్తే సరి. కాలవేమన్నా రాత్రికి రాత్రి పారిపోతుందా? ఆ నిబంధన రాస్తుంటే దానంతటదే ఒక వాక్యమై కూర్చుంది:

మౌనమంటే మార్పు లేనట్టే.

మూడే మాటలు. అక్షరం తీయడానికి లేదు, చేర్చడానికి లేదు. నేనే రాశానా అని పైకి చదువుకున్నాను.

జూలై 14, సోమవారం

ఎనిమిదీ అయిదుకి నివేదిక! సాయంత్రం ఐదు కాదు, పొద్దున ఎనిమిది! బాపట్ల నాలుగడుగులు, రేపల్లె మూడడుగుల ఐదంగుళాలు. లాకులకి వెంటనే ఫోను వెళ్ళింది, రేపల్లె వైపు తలుపులు పైకి లేపారు. రావమ్మ గారి మడి ఆ వైపే.

పూర్ణచంద్రరావు గారు ఆఫీసులో అందరికీ టీ తెప్పించారు. నా వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి గోడకి అంటించారు. అటుగా నాలుగుసార్లు నడిచాను, నీళ్ళు తాగడానికి.

జూలై 15, మంగళవారం

బాపట్ల రెండడుగుల నాలుగంగుళాలు. ఒక్కరోజులో అంత దిగిందా? పాపం. రేపల్లె మూడడుగుల నాలుగు. ఇవాళ తలుపులు బాపట్ల వైపు లేపారు. న్యాయమే కదా. ఎనిమిదీ మూడుకే నివేదిక.

జూలై 16, బుధవారం

బాపట్ల నుంచి మెసేజ్ లేదు. మార్పు లేదన్నమాట. రెండడుగుల నాలుగు. నీళ్ళు బాపట్లకే.

జూలై 17, గురువారం

బాపట్ల నుంచి మెసేజ్ లేదు. మార్పు లేదన్నమాట.

నివేదిక అవగానే రైలెక్కి కాలేజీకి వెళ్ళి మా వైదేహి మేడమ్‌కి అన్నీ చూపించాను. మేడమ్ నిబంధన దగ్గర ఆగి, "వాక్యం బాగుంది" అన్నారు. ఇంకేం అనలేదు. నాకు అది చాలు.

దారిలో నిడుబ్రోలు దాటాక కాలవ రైలుతోపాటు చాలాసేపు పరిగెత్తింది. గట్టు అంచుదాకా నీళ్ళు. గాలికి చిన్నగా ఊగి మళ్ళీ సర్దుకుంటున్నాయి. తొణికిసలాడటం అనే మాటని ఇన్నాళ్ళూ పుస్తకాల్లోనే చూశాను. ఇవాళ కిటికీలోంచి చూశాను. పక్కన కూర్చున్న కూరగాయల మామ్మతో, "కాలవ ఎంత బాగుందో చూశారా" అంటే, "బాగుండక! మా డొంకలోకి ఎక్కింది, నడిచి చావలేకపోతన్నాం" అంది. నవ్వొచ్చింది.

జూలై 18, శుక్రవారం

బాపట్ల మెసేజ్ లేదు. మార్పు లేదు.

మధ్యాహ్నం ఆఫీసుకి ఫోను. ఎవరిదో ఫోను అడిగి తీసుకుని చేసింది రావమ్మ గారు.

"అమ్మాయ్, లెక్కలు త్వరగా వస్తన్నయ్యంట కదా?"

"వస్తున్నాయండి, ఎనిమిదింటికే."

"నీళ్ళు రాటల్లేదు తల్లీ."

బాపట్ల వైపు మీకంటే చాలా తక్కువగా ఉందనీ, వాళ్ళూ రైతులే కదా అనీ, వాళ్ళ మట్టం కాస్త లేవగానే మీ వంతేననీ నెమ్మదిగా, మర్యాదగా, చాలా మంచి మాటల్లో చెప్పాను.

"అంతేనంటావా" అని పెట్టేసింది.

బాగానే చెప్పాను. ఇంతకంటే ఎలా చెప్పాలి?

జూలై 19, శనివారం

బాపట్ల మెసేజ్ లేదు. ఇన్నాళ్ళలో ఒక్క అంగుళం కూడా మారలేదు. నివేదిక ఎనిమిదీ రెండుకి వచ్చింది. ఇదే రికార్డు.

వచ్చే శుక్రవారం చీఫ్ ఇంజనీరు గారు గుంటూరు నుంచి వచ్చి పొద్దున ఎనిమిదింటికి స్వయంగా చూస్తారట. నచ్చితే జిల్లా అంతా పెడతారట. నేనే నిలబడి వివరించాలి. చీర కట్టుకోవాలా?

ఏ పని మీదా కాలు నిలవడం లేదు. సంతోషం అనుకుంటాను.

జూలై 20, ఆదివారం

రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. స్నేహితురాలింటికి అని అమ్మకి చెప్పాను. రేపల్లెలో దిగి ముందు గేజీ దగ్గరికి వెళ్ళాను. మత్తయి అక్కడే ఉన్నాడు. మెసేజ్ పంపాలంటే సిగ్నల్ కోసం గట్టు మీద వంతెన దాకా నడవాలట. రోజూ నడుస్తున్నాడు. అతని అంకె రోజూ దిగుతోంది. ఇవాళ రెండడుగుల తొమ్మిది.

"ఇంకా బాపట్ల కంటే మీకే ఎక్కువుంది కదండి" అన్నాను.

"ఉందమ్మా. కానీ అడవులదీవి పోయే పిల్లకాలవ తూము గడప మూడడుగుల ఎత్తున ఉంటది. మూడుకి దిగితే ఇక్కడెంతున్నా అటు చుక్క ఎక్కదు."

నివేదికలో తూము గడపకి గడి లేదు.

అడవులదీవి ఆటోలో వెళ్ళాను. రావమ్మ గారు మడి గట్టు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. "వచ్చావా! రా, చూడు" అంది, పెళ్ళి ఇంటికి వచ్చినదాన్ని పిలిచినట్టు. మడి నెర్రెలిచ్చింది. నారు కొసలు గోధుమరంగుకి తిరిగాయి. ఆవిడా, ఆడపడుచూ చెరువు నుంచి బిందెలతో మోసి పోస్తున్నారు. పోసిన నీళ్ళు నెర్రెల్లోకి వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. నేనూ ఒక బిందె ఎత్తాను. సగం నా మీదే పోసుకున్నాను.

"నువ్వు లెక్కలు చెయ్యమ్మా, బిందె మాకు వదిలెయ్" అని నవ్వింది ఆడపడుచు.

తిరుగు రైల్లో ఒకటే ప్రశ్న. ఒక కాలవకి రోజూ ఎక్కువ నీళ్ళు వదులుతున్నాం. అది రోజూ రెండడుగుల నాలుగు దగ్గరే ఉంది. వదిలిన నీళ్ళు ఎటు పోతున్నాయి? గండి పడిందేమో. గేజీ రాయి విరిగిందేమో.

గురువారం కిటికీలోంచి చూసింది ఏ కాలవ?

వేరే కాలవేమో.

జూలై 21, సోమవారం

వేరే కాలవ కాదు.

బాపట్ల సెక్షన్ ఆఫీసు వెనక లాకు పక్కనే గేజీ. రాయి పై సగానికి పాచి పట్టి అంకెలు కనిపించడం లేదు. నీళ్ళ కింద మసగ్గా కనిపించిన చివరి అంకె నాలుగు. నీళ్ళు దానికి చాలా పైన ఉన్నాయి.

బసవేశ్వరరావు గారు నన్ను చూసి చేతులు చాపారు. "ఏమ్మా ఇంజనీరమ్మా! టిఫినైందా?"

"కాలవ నిండుగా ఉంది సార్."

"ఉందిగా. నీ దయ."

"మీరు రెండడుగుల నాలుగని పంపారు."

"మంగళవారం పంపాను. ఆ రోజు మాట వేరు."

"ఆ రోజు మాత్రం అంత తక్కువుందా అండి?"

ఆయన నవ్వారు. "ఆ ఒక్కటీ అడగమాకు. బుధవారం నుంచి అడుగు. బుధవారం నుంచి నేనేమన్నా అబద్ధం చెప్పానా? అసలేమన్నా చెప్పానా? నేను నోరు విప్పలేదమ్మా. చెప్పింది నీ కంప్యూటరు. గోడ మీద కూడా రాశారంటగా, మౌనమంటే ఏదో. చదివి మా వాళ్ళందరం మెచ్చుకున్నాం."

ఆయన నవ్వడం ఆపి కుర్చీ జరిపారు.

"కూర్చో. పోయినేడు కర్లపాలెం రైతులు నన్ను ఇదే గదిలో పెట్టి బయట తాళం వేశారు, తెలుసా? సాయంత్రం దాకా మంచినీళ్ళియ్యలా. నీళ్ళొచ్చినాకే తాళం తీశారు. నాకు నా గేజీ నిండితే చాలు. రేపల్లె సంగతి చూసుకోటానికి రేపల్లె ఏఈ ఉన్నాడు. ఆయనా మాట్లాడకుండా ఉండాల్సింది, మెసేజ్‌లు పంపమని ఎవరన్నారు?"

నేనన్నాను. నేనే అన్నాను, రోజూ తప్పకుండా పంపమని. పంపినవాళ్ళ నారు ఎండింది.

"రేపన్నా అసలు అంకె పంపండి సార్."

"చూద్దాంలేమ్మా. టీ తాగు."

జూలై 22, మంగళవారం

బాపట్ల మెసేజ్ ఇవాళా లేదు. పూర్ణచంద్రరావు గారికి అంతా చెప్పాను. ఆశ్చర్యపోతారనుకున్నాను.

"బసవేశ్వరరావు సంగతి నాకు తెలియదా అమ్మా? పాత పద్ధతిలో సాయంత్రానికన్నా ఒక అంకె చెప్పేవాడు, ఇప్పుడు అదీ అక్కర్లేకుండా చేశావు" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, విచారంగానే అన్నారు.

"నిబంధన తీసేస్తానండి. మెసేజ్ రాకపోతే గడి ఖాళీగా ఉంటుంది, రాలేదని కనిపిస్తుంది. అప్పుడు మనం మనిషిని పంపి చూపించుకోవాలి."

"శనివారం తియ్యి. శుక్రవారం చీఫ్ గారు వస్తున్నారు. పెద్దవాళ్ళ ముందు ఖాళీ పెట్టకూడదమ్మా. అంకె ఉంటే చూసి తల ఊపుతారు. ఖాళీ ఉంటే ఎందుకూ అని అడుగుతారు."

"అడగాలి కదండి."

"నీకు మార్కులు అక్కర్లేదా?"

కావాలి. చాలా కావాలి. ఆ మాట పైకి అనలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

జూలై 23, బుధవారం

శుక్రవారం దాకా అంటే రెండు రోజులే. పూర్ణచంద్రరావు గారు అనుభవం ఉన్న మనిషి. రావమ్మ గారు గట్టి మనిషి. చెరువు దగ్గర్లోనే ఉంది.

పొద్దున ఇంకో ఉపాయం తట్టింది. మాట్లాడనివాళ్ళ కాలవ నిండుగా ఉన్నట్టు లెక్క వేస్తే? బసవేశ్వరరావు గారు మర్నాడే పరిగెత్తుకుంటూ మెసేజ్ పెడతారు! గబగబా రాసేశాను. రాశాక వంతెన మీద సిగ్నల్ కోసం చెయ్యెత్తి నిలబడ్డ మత్తయి గుర్తొచ్చాడు. వాన పడి ఒకరోజు సిగ్నల్ పోతే అతని కాలవ నిండినట్టే. మొత్తం చెరిపేశాను. ఖాళీని నేను ఏ అంకెతో నింపినా అది వెళ్ళి ఎవరో ఒకరి మడిలో పడుతోంది.

సాయంత్రం మళ్ళీ రావమ్మ గారి ఫోను.

"సగం మడి వదిలేశాం అమ్మాయ్. మిగతా సగానికే మోస్తన్నాం. అదన్నా బతికితే పక్కోళ్ళ దగ్గర కాస్త అడుక్కుని నాటుకోవచ్చని."

"ఇంకెన్నాళ్ళు ఆగుద్దండి?"

"శనారం దాకా చూస్తాం. ఆ తర్వాత గేదెల్ని తోలేస్తాం మళ్ళోకి. అవన్నా తింటయ్యి."

పై లాకుల దగ్గర తలుపులు ఎత్తాక నీళ్ళు అడవులదీవి చేరడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుందని మత్తయి చెప్పాడు. శనివారం నిబంధన మారిస్తే ఆదివారానికి నీళ్ళొస్తాయి. గేదెల దగ్గరికి.

జూలై 24, గురువారం

తీసేశాను.

పొద్దున నివేదిక వెళ్ళిపోయాక, ఎవరూ చూడకుండా ఆ నిబంధన తీసేశాను. గోడ మీద కాగితం మాత్రం తీయలేదు, అది సార్ అంటించుకున్నది. మధ్యాహ్నం ఆయనకే చెప్పాను, తీసేశానని. "రేపు గడి ఖాళీగా ఉంటే నేను చేత్తో నిన్నటి అంకె రాసేస్తానమ్మా. నాకింక రెండేళ్ళ సర్వీసుంది" అన్నారు. దాచకుండా చెప్పారు. దాచి ఉంటే కోపం వచ్చేది.

అంటే ఖాళీ వదిలితే చాలదు. ఎనిమిదింటికి చీఫ్ గారు తెర ముందున్నప్పుడు, సార్ కలం తీసేలోపల, బాపట్ల అంకె రావాలి. కాలవ ఒడ్డున నిలబడి చూసిన అంకె. రేపు చూసుకోవడానికి ఎవరున్నారు? నేనున్నాను. కానీ నేను తెర పక్కన ఉండాలి కదా, చీర కట్టుకుని వివరించాలి కదా.

రెండు చోట్లా ఉండలేను.

కుమారి అక్కని అడిగాను. "రేపు నా బదులు నువ్వు చూపిస్తావా అక్కా?"

"నేనా? చీఫ్ గారికా? నాకు ఇంగ్లీషు రాదు."

"తెలుగులో చెప్పు. రేపల్లె గడిలో అంకె ఉంటుంది, బాపట్ల గడి ఖాళీగా ఉంటుంది. ఎందుకని ఆయన అడుగుతారు. మెసేజ్ రాలేదు సార్, మా అమ్మాయి గేజీ దగ్గరే ఉంది, అడగండి అని ఫోను స్పీకర్‌లో పెట్టు."

"నా కాంట్రాక్టు పోతే?"

అదీ నిజమే. నా మార్కుల్లాంటిది కాదు అది. "పోనీలే అక్కా, వద్దు" అన్నాను.

అక్క కాసేపు మౌస్ అటూ ఇటూ తిప్పింది. "ఖాళీగా ఉందని చెప్పడమేగా. ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీ అంటే ఏ సార్ ఏమంటాడు? సరిగ్గా ఎనిమిదింటికి ఎత్తు ఫోను. రింగు రింగుకీ నా గుండె ఆగుద్ది."

ఇంటికొచ్చి బసవేశ్వరరావు గారికి ఫోను చేశాను. వెనకనుంచి పట్టుకున్నట్టు ఉండకూడదనిపించింది.

"సార్, రేపు పొద్దున నేను మీ గేజీ దగ్గర ఉంటాను. ఎనిమిదింటికి చీఫ్ గారికి ఎంతుందో చెప్తాను. మీరు ముందే మెసేజ్ పంపితే నేను ఫోను ఎత్తను. మీ అంకే వెళ్తుంది."

అటువైపు నవ్వు వినిపిస్తుందనుకున్నాను. చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆ నిశ్శబ్దంలో ఏముందో నాకు తెలియదు. ఇదివరకైతే తెలుసనుకునేదాన్ని.

"కర్లపాలెం వాళ్ళకి ఎవరు చెప్తారమ్మా?" అన్నారు చివరికి.

"వాళ్ళ మళ్ళు మునిగి ఉన్నాయి సార్. డొంకలెక్కాయి నీళ్ళు. కావాలంటే వాళ్ళ దగ్గరికీ వస్తా మీతో."

"వస్తావా? వాళ్ళు తాళాలు రెండు తెస్తారు అప్పుడు. సరే. గేజీ మెట్లు జారతయ్యి, చూసి దిగు."

పంపుతాననలేదు, పంపననలేదు.

వైదేహి మేడమ్‌కి రేపు నేను తెనాలి ఆఫీసులో ఉండనని మెసేజ్ పెట్టాను. ఎందుకని అడిగారు. రాయడానికి చాలా మాటలున్నాయి. "గేజీ చూడటానికి" అని ఒక్క ముక్క రాశాను.

రేపు ఉదయం మొదటి బండికి బాపట్ల వెళ్ళాలి. చీర వద్దు, నీళ్ళలోకి దిగాల్సి ఉంటుంది. ఫోను ఛార్జింగ్‌లో పెట్టాను. ఏడుకల్లా మెట్లు దిగి, రాయి మీద పాచి కొబ్బరి పీచుతో రుద్ది, నాలుగు తర్వాత ఉన్న అంకెలు కనపడేట్టు చెయ్యాలి. అవి ఎంత ఉంటే అంత చెప్పాలి.